డ్యాష్‌బోర్డు విప్పితే జి.డి. నాయుడు గారు కనిపించారు

సంక్రాంతి సెలవులకు పెద్దమందడి పోయినప్పుడు మా మామ కారులో టేపు పలకడం లేదు. అది కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన స్టీరియో. క్యాసెట్ల కాలం పోయి ఎన్నేళ్లయినా మా మామ దాన్ని టేపు అనే అంటడు. గుంతలో టైరు పడితే గరగరమని ఆగిపోతది, ఇంకో గుంతలో పడితే మళ్లీ పలుకుతది. వనపర్తిలో ఒక షాపుకు తీసుకపోతే, ఇది పారేసి పెద్ద స్క్రీను పెట్టించుకొమ్మన్నరట. మామకు స్క్రీను అక్కర్లేదు. కొత్తకోటకో కర్నూలుకో కిరాయికి పోయేటప్పుడు పాటలు వస్తే చాలు.

నేను ఈసీఈ మూడో సంవత్సరం. ఇంట్లో అందరి ముందు నేనే బాగుచేస్త అని చెప్పేసిన. చెప్పినంక గానీ గుర్తు రాలేదు, మూడేళ్లలో నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది రెండే సార్లు, ఆ రెండు సార్లూ వేళ్లు కాల్చుకున్న అని.

ఈ వ్యాసం ఆ టేపు గురించి కాదు. ఆ టేపు వల్ల నాకు పరిచయమైన ఒక మనిషి గురించి. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. ఇంజినీరింగ్ చదివే మనందరికీ ఆయన కథ తెలియాలని నా కోరిక.

ముందు అసలు సంగతి. బ్యాటరీ నెగెటివ్ తీసి, ప్లాస్టిక్ స్కేలుతో ప్యానెల్ లేపి, నాలుగు స్క్రూలు విప్పి సెట్టు బయటికి లాగిన. వెనక కనెక్టరు చూస్తే దారాల ముద్దలెక్క వైర్లు. ఒక వైరుకు తాళం తీసినా 12 వోల్టులు ఎప్పుడూ ఉండాలి. అది గడియారం, స్టేషన్లు గుర్తుపెట్టుకోవడానికి. ఇంకోదానికి తాళం తిప్పితేనే కరెంటు రావాలి. ఇంకోటి గ్రౌండు. మిగతావన్నీ స్పీకర్లవి, జత జతగా. మల్టీమీటరు పెడితే కారు వైపు అన్నీ సరిగ్గానే ఉన్నయి. అంటే తప్పు సెట్టు లోపలే ఉంది. మూత తీసి చూసిన. పచ్చ బోర్డు కనిపించింది. అంతకు మించి నాకేం కనపడలేదు.

మా దగ్గర బోరు మోటర్లకు వైండింగు చేసే ఒక మిస్త్రీ ఉన్నడు. బడి మొహం పెద్దగా చూసినోడు కాదు. సెట్టు ఆయన బల్ల మీద పెట్టిన. కళ్లద్దాలు సర్దుకొని అర నిమిషం చూసి రెండు చోట్ల వేలు పెట్టిండు. ఒకటి, కెపాసిటరు నెత్తి ఉబ్బింది. రెండు, కనెక్టరు పిన్ను చుట్టూ లెడ్డు గుండ్రంగా పగిలింది. గుంతలో పడితే ఆగేది అందుకే. కెపాసిటరు మీద రిపుల్ ఫ్యాక్టర్ ఫార్ములా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న. పాడైపోయిన కెపాసిటరు ఎట్లుంటదో మాత్రం ఆ రోజే చూసిన. నిజం చెప్తున్న, సిగ్గేసింది.

ఆయన కొట్టు నిండా కాలిపోయిన మోటర్లు. ఒక్కోదాని మీద రేకు. ఊరికే చదువుకుంటూ పోతే కోయంబత్తూరు, కోయంబత్తూరు, మళ్లీ కోయంబత్తూరు. పాలమూరు బోర్లలోంచి నీళ్లు తోడే మోటర్లు ఎక్కువ అక్కడి నుంచే ఎందుకొస్తయి అని అనుమానం వచ్చింది. రాత్రి ఇంటికొచ్చి వెతకడం మొదలుపెడితే ఒక తెలుగాయన దగ్గర ఆగిన. గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరూ పిలిచే పేరు జి.డి. నాయుడు.

విజయనగర కాలం నుంచీ తమిళ దేశానికి వలస పోయి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల చాలా ఉన్నయి. అలాంటి ఒక రైతు కుటుంబంలో, కలంగల్ అనే ఊళ్లో, 1893 మార్చి 23న ఆయన పుట్టారు. బడి అంటే పడేది కాదు. ప్రాథమిక చదువు దాటకుండానే మానేశారు. పొలం పనిలో పడ్డారు. అక్కడితో ఆగిపోవాల్సిన కథే.

కానీ ఒకరోజు ఒక తెల్ల అధికారి మోటరు సైకిలు చూశారు. రడ్జ్ కంపెనీది, 1912 మోడలు. ఎద్దు లేదు, గుర్రం లేదు, దానంతట అదే పోతుంది. మనం మొదటిసారి స్మార్ట్‌ఫోన్ చూసినప్పుడు అది కొనాలనుకున్నం. ఆయన మాత్రం అది లోపల ఎట్లా పనిచేస్తుందో చూడాలనుకున్నారు. చూడాలంటే విప్పాలి. విప్పాలంటే అది తనదై ఉండాలి. చేతిలో డబ్బుల్లేవు. కోయంబత్తూరు వచ్చి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. టిఫిన్లు వడ్డించి, బల్లలు తుడిచి, రూపాయి రూపాయి దాచి, చివరికి ఆ బండినే కొన్నారు. కొన్న తర్వాత చేసిన పని ఏమిటంటే, దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి మళ్లీ బిగించడం. మెకానిక్ నాయుడు అట్లా పుట్టారు. సిలబస్ ఒక్క బండి, ల్యాబూ అదే బండి.

1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళని దాకా తానే నడిపారు. డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. కొన్నేళ్లలో ఆ ఒక్క బస్సు యునైటెడ్ మోటర్ సర్వీస్ అయింది. యూఎంఎస్ అంటే దేశంలోనే బాగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు వచ్చింది. ఆ కాలంలో బస్సు ఇంజను సీమ నుంచి రావాలి, పార్టులూ ఓడలోనే రావాలి. ఒక చిన్న ముక్క విరిగితే నెలల తరబడి బండి షెడ్డులోనే. బస్సులు ఆగకుండా నడవాలంటే విరిగిన ముక్కను ఇక్కడే బాగుచేసుకునే వర్క్‌షాపు ఉండి తీరాలి. నాయుడు గారి తర్వాతి జీవితమంతా ఆ వర్క్‌షాపు తలుపులోంచే నడిచింది.

ఇంతలో కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. కరెంటు వస్తే బట్టల మిల్లులు వచ్చినయి, బావుల మీద పంపులు వచ్చినయి. రెండింటికీ మోటర్లు కావాలి. మోటర్లన్నీ బయటి దేశాలవే. 1937లో నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మోటరు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటరుగా దాన్ని చెప్తారు. ఆ బాలసుందరం గారే తర్వాత టెక్స్‌టూల్ పెట్టారు. అట్లా ఒకదాని నుంచి ఒకటి పుట్టి కోయంబత్తూరు మోటర్ల ఊరైంది. మా మిస్త్రీ కొట్టులో రేకుల మీద నేను చదివిన పేరుకు మూలాలు అక్కడున్నయి. మా ఊళ్లో వేరుశనగకు పారే నీళ్లలో ఆ 1937 పని కూడా కొంత ఉంది.

నాయుడు గారు ఒక్క మోటరు దగ్గర ఆగే మనిషి కాదు. విదేశాలు తిరిగారు. 1936 జనవరిలో లండన్‌లో అయిదో జార్జి రాజు అంత్యక్రియలను తన కెమెరాతో తానే ఫిల్ము తీశారు. గాంధీ, నెహ్రూ, సుభాష్ బోస్‌లను కూడా ఆయన కెమెరా పట్టింది. రసంత్ అనే పేరుతో డ్రై సెల్‌తో నడిచే చిన్న ఎలక్ట్రిక్ రేజరు చేశారు. చాలా పలచటి షేవింగ్ బ్లేడ్లు, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, ఎవరూ తారుమారు చేయలేని ఓటు నమోదు యంత్రం, ఇట్లా జాబితా పెద్దది. 1936లోనే ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. ఆ ఓటమినీ ఓటు యంత్రాన్నీ ఒకే జీవితంలో చదివితే కొంచెం నవ్వొస్తుంది. పొలాన్నీ వదల్లేదు. పత్తిలో, మొక్కజొన్నలో, బొప్పాయిలో కొత్త రకాలు తీశారు. ఆ తోట చూడడానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య లాంటివాళ్లు వచ్చారు.

ఇక నా టేపుకు దగ్గరి సంగతి. 1941లో నాయుడు గారు ఒక మాట ప్రకటించారు. అయిదు వాల్వుల రేడియోను మన దేశంలోనే 70 రూపాయలకు తయారుచేసి ఇవ్వగలనని. ఇది ఎంత పెద్ద మాటో ఈసీఈ వాళ్లకు చెప్పాలి. అప్పటికి ట్రాన్సిస్టర్ పుట్టలేదు. అది బెల్ ల్యాబ్స్‌లో 1947 డిసెంబరులో పుట్టింది. అయిదు వాల్వుల సెట్టంటే మనం కమ్యూనికేషన్స్ పేపర్లో బొమ్మ గీసే సూపర్‌హెటరోడైన్ రిసీవరే. మామూలుగా ఒక వాల్వు స్టేషను ఫ్రీక్వెన్సీని మారుస్తుంది, ఒకటి దాన్ని పెంచుతుంది, ఒకటి అందులోంచి మాటను విడదీస్తుంది, ఒకటి స్పీకరును నడుపుతుంది, ఒకటి ఏసీని డీసీ చేస్తుంది. మనకు అయిదు డబ్బాల బ్లాక్ డయాగ్రం. వాళ్లకు వేడెక్కి ఎర్రగా వెలిగే అయిదు గాజు బుడ్లు. రేడియో అంటే ఉన్నోళ్ల ఇంటి హాల్లో గుడ్డ కప్పి పెట్టుకునే వస్తువు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కూడా కట్టాలి. ఆ కాలంలో ఒక బడి మానేసిన మనిషి 70 రూపాయల ధర చెప్పారు.

వాల్వుల రేడియోను కారులో పెట్టడం ఇంకా కష్టం. కారు బ్యాటరీ అప్పట్లో ఎక్కువగా 6 వోల్టులే. వాల్వు ప్లేటుకు వంద దాటి కావాలి. అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టింది. ఆ కాలపు కారు రేడియోల్లో వైబ్రేటర్ అనే ఒక ముక్క బ్యాటరీ కరెంటును టకటకా ఆపుతూ వదులుతూ, ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీ పెంచేది. ఇదంతా చదివినంక మా మామ టేపు మీద నాకు గౌరవం పెరిగింది. అరచేతిలో పట్టే ఒక చిప్పు, ఆ బుడ్ల పనీ ఆ వైబ్రేటర్ తంటా అన్నీ లేకుండా చేసేసింది. పాడైంది చిప్పు కాదు, కొన్ని రూపాయల కెపాసిటరు. అది మార్చకుండా సెట్టే పారేద్దామనుకున్నం.

నాయుడు గారి జీవితంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం కాలేజీ ముచ్చట. ఆయన కృషితో, ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ వచ్చినయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఇప్పుడు మనం జీసీటీ అని పిలిచే గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ మూలం అదే. 1945లో ఆ కాలేజీకి నాయుడు గారే ప్రిన్సిపల్. ప్రైమరీ దాటని మనిషి ఇంజినీరింగ్ కాలేజీ ప్రిన్సిపల్! అక్కడ ప్రభుత్వంతో పేచీ వచ్చింది. ప్రభుత్వం నాలుగేళ్ల కోర్సు అంది. ఆయన రెండేళ్లు చాలన్నారు. నాలుగేళ్లంటే పిల్లల కాలం వృథా అని ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటికొచ్చేశారు.

ఈ ముచ్చట చదివినప్పుడు మొదట లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. బ్యాక్‌లాగులున్న ఎవరికైనా అట్లనే అనిపిస్తది. నాకు రెండున్నయి. తర్వాత ఇంకో మాట తోచింది. రెండేళ్లు చాలన్నది, బండిని విప్పి బిగించినట్టు రోజూ చేతితో పనిచేసే రెండేళ్లు. రికార్డు కాపీ కొట్టి, ల్యాబులో నలుగురిలో ఒకడు బటన్లు నొక్కితే మిగతా ముగ్గురం రీడింగులు రాసుకునే రెండేళ్లు కాదు. ఆ లెక్కన నాకు నాలుగు కాదు, ఎనిమిదేళ్లయినా చాలవు. ఇంకోటి, బడి మానేస్తే నాయుడు గారు అవుతామని ఈ కథ చెప్పదు. బడి మానేసిన మనిషి తిరిగి కాలేజీ కట్టించారు. చదువు అక్కర్లేదని అనుకుంటే ఆయన సొంత డబ్బు అందులో ఎందుకు పెడతారు? ఆయన గొడవ చదువుతో కాదు, చేతికి అందని చదువుతో. మా వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. చిన్నప్పటి నుంచి దాన్ని కోటగానే చూసిన. ఈసారి పోయినప్పుడు గేటు దగ్గర కాసేపు నిలబడి, లోపల లేతు మిషన్ల శబ్దం వినపడుతుందేమోనని చూసిన.

చివరి పెద్ద ముచ్చట కారుదే. 1952లో నాయుడు గారు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు బయటికి తెచ్చారు. ధర 2,000 రూపాయలు. మామూలు మనిషికి కారు. కానీ అది లైసెన్సుల కాలం. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చి, 1952లో అమల్లోకి వచ్చింది. ఎవరు ఏది ఎంత తయారుచేయాలో ఢిల్లీ చెప్పాలి. ఆ కారుకు ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయింది. తర్వాత కొన్ని దశాబ్దాలు మన దేశంలో కారు అంటే రెండు మూడు రకాలే, అవి కూడా బుక్ చేసుకొని ఏళ్లు ఎదురుచూడాలి.

ఇది చదివి నాకు కోపం వచ్చింది. సోల్డరింగు తప్పితే మళ్లీ చెయ్యొచ్చు. మోటరు కాలితే మళ్లీ చుట్టొచ్చు. పైనుంచి వచ్చే ఒక కాగితం రాకపోతే ఏ స్క్రూడ్రైవరూ పనిచెయ్యదు. బండి విప్పినంత తేలిగ్గా ఆయన ఆ గోడను విప్పలేకపోయారు. ఆయన గెలుపుల జాబితా ఎంత పొడుగున్నా, ఈ ఒక్క ఓటమి నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది. అది ఆయన ఒక్కరి ఓటమి కాదు కాబట్టి.

1974 జనవరి 4న నాయుడు గారు పోయారు. ఎనభై ఏళ్లు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద ఆయన పారిశ్రామిక ప్రదర్శనశాల ఇప్పటికీ ఉంది. పక్కనే పాత కార్ల మ్యూజియం కూడా. ఈసారి మన క్లబ్బు ట్రిప్పు ఊటీకి అయితే, దారిలో ఒక పూట అక్కడ ఆగాలని ఇప్పుడే అర్జీ పెడుతున్న.

టేపు ఏమైందో చెప్పకపోతే మీరు ఊరుకోరు. మిస్త్రీ సలహా మీద పాత 16 వోల్టుల కెపాసిటరు బదులు అదే కెపాసిటీలో 25 వోల్టులది, 105 డిగ్రీల వేడి తట్టుకునేది వేసిన. ఇంజను నడుస్తుంటే కారు కరెంటు 14 వోల్టుల దాకా పోతది, మా పాలమూరు ఎండల్లో డ్యాష్‌బోర్డు పెనమైతది. ప్లస్సు మైనస్సు ఆయనే రెండు సార్లు చూపించిండు. పగిలిన జాయింటు నేనే అతికిన. మొదటిసారి ముద్ద అయింది. ఆయన పీకించి మళ్లీ చేయించిండు. మూడోసారికి మెరిసింది. వెనక డోరు స్పీకరు అంచు చిరిగిపోయి ఉంటే, నాలుగు ఓములదే కొత్తది తెచ్చినం. గోడ గడియారం సెల్లు తీసి స్పీకరు వైర్లకు తాకిస్తే టప్‌మని కోను బయటికి రావాలి. లోపలికి పోతే వైర్లు తిరగేసినట్టు. ఈ చిట్కా కూడా ఆయనదే, ఏ టెక్స్టుబుక్కులోనూ నేను చూడలేదు.

అన్నీ బిగించి, బ్యాటరీ కలిపి, మామ, అత్త, ఇద్దరు పిల్లలు, వాకిట్లో ముగ్గురు పెద్దమనుషులు చూస్తుండగా తాళం తిప్పిన. డిస్‌ప్లే మీద ఒకటే మాట, కోడ్. కంపెనీ సెట్టుకు కరెంటు తీసేస్తే దొంగతనం అనుకొని లాక్ అయిపోతదని నాకు తెల్వదు. వాకిట్లో ఒక తాత నవ్విండు. ఇంజినీరింగు చదువు తాళానికే ఆగిందన్నడు. గంట సేపు వెతికితే, ఇన్సూరెన్సు కాగితాల కింద, పాత సర్వీసు బుక్కులో ఒక చిన్న కార్డు దొరికింది. నాలుగు అంకెలు. ఒక్కొక్కటే నొక్కిన.

కర్నూలు ఆకాశవాణి గరగరమంటూ వచ్చింది, తర్వాత సాఫైంది. మామ ఏమీ అనలేదు. కారు తీసి ఊరి చివరి గుంతల రోడ్డు మీద కావాలనే రెండు సార్లు తిప్పిండు. ఆగలేదు.

మరుసటి రోజు మిస్త్రీకి డబ్బులిద్దామని పోతే తీసుకోలేదు. కాలిపోయిన ఒక మోటరు ముందు పెట్టి, సెలవులు ఇంకా ఎన్ని రోజులున్నయని అడిగిండు. మూడు రోజులు అన్న. పీట చూపించిండు. కూర్చున్న.